మరణం ముందా, మనిషి ముందా

ఆత్మకూరు,
2025 జూలై, ఆదివారం సాయంత్రం.

చెల్లెలు సుధారాణికి, అన్న దయాసాగర్ ప్రభువు నామంలో వందనాలు చెప్పి రాసుకునేది.

కవరు చూసి భయపడబాక. ఎవరికీ ఏమీ కాలేదు. పోస్టాఫీసులో స్టాంపులు అడిగితే ఆ అమ్మాయి నా మొహం చూసి, "ఏం పాస్టరుగారూ, కొత్త ఉద్యోగానికి అప్లికేషనా?" అనింది. నవ్వి వచ్చేసినా.

నీతో ఒక పని పడింది. నవంబరులో మన సంఘాల మహాసభలు కావలిలో పెట్టుకున్నారు. ఒక పూట "సృష్టి - సైన్సు" అని నాకిచ్చినారు. పడుచు పిల్లకాయలు ఫోన్లలో ఏవేవో చూసొచ్చి అడుగుతా ఉండారు, పాస్టర్లకి నోరు పెగలటం లేదు, నువ్వు బీయస్సీ చదివినోడివి కదా చెప్పు అని తగులుకున్నారు. ముప్పై ఏళ్ళనాటి బీయస్సీ అది. ఏం మిగిలుంటాది?

నేను అనుకున్నది ఇది. ఆరు దినాలంటే మన గడియారం దినాలు కావు, ఒక్కో దినం ఒక్కో యుగం. మొట్టమొదట వెలుగు అని వాక్యం చెప్తా ఉండాది. సైన్సువాళ్ళూ ముందు పెద్ద పేలుడు, వెలుగు అంటారు. ఆనక నీళ్ళలో జీవులు, తర్వాత నేలమీద జంతువులు, చివరాఖరికి మనిషి. వరస సరిపోయింది కదా? ఎక్కడన్నా తప్పుంటే దిద్దు. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే చెల్లెలుండి నేను తప్పు మాట్లాడితే నీకే నామర్దా.

ఫోన్ మాత్రం చెయ్యబాక. రాసే పంపు. ఫోన్లో మనిద్దరం గొంతులు పెంచుకుంటాం.

ఇంట్లో అంతా మామూలే. జెస్సికా ఇంకా ఇక్కడే ఉండాది. ఏప్రిల్లో బిడ్డ పోయినాక అత్తగారింటికి పోతానని ఇంకా అనలేదు. అల్లుడు ఆదివారాలు నెల్లూరు నుంచి వచ్చి పోతా ఉండాడు. అన్నం తింటా ఉండాది. ఆ రోజు నీకు కబురు చేసేలోపలే మట్టి చేసేసినాం, అది నీ మనసులో పెట్టుకోబాక.

నీ అన్న,
దయాసాగర్


ఉదయగిరి,
ఆగస్టు.

అన్నకి,

నీ ఉత్తరాన్ని మా స్కూలుకి తెచ్చిన పోస్టుమ్యాను నా చేతికే ఇస్తానని బెల్లు కొట్టేదాకా వరండాలో నిలబడినాడు. ఉత్తరమంటే అంత విశేషమైపోయింది.

ముందు ఒక మాట. రెండేళ్ళ కింద మీ చర్చిలో సెలవుల బైబిలు బడికి నన్ను పిలిచింది నువ్వే. ఒక పిల్ల లేచి, సూర్యుడు లేకముందు దినాలు ఎట్లా లెక్కపెట్టినారక్కా అని అడిగింది. నేను ఆ సృష్టి అధ్యాయం ఎప్పుడు, ఎట్లా అని చెప్పటానికి రాసింది కాదమ్మా, ఇదంతా ఎవరిది అని చెప్పటానికి రాసింది అన్నాను. అంతే అన్నాను. సాయంత్రానికి మీ సంఘపెద్ద వరదయ్య వచ్చి, చెల్లెమ్మ పిల్లలకి అవిశ్వాసం నేర్పిస్తా ఉండాదంటే, నువ్వు నేల చూసినావు. "ఈసారికి ఊరికి పోమ్మా సుధా" అన్నావు. మర్నాడు బస్సెక్కినా. ఇప్పుడు మహాసభలకి నా సైన్సు కావలసొచ్చిందా?

సరే, అడిగినావు కాబట్టి చెప్తా. నీ వరస సరిపోలేదు. మూడో దినం చెట్లు, నాలుగో దినం సూర్యుడు. దినమంటే యుగమైతే సూర్యుడు లేకుండా ఆ చెట్లు లక్షల ఏళ్ళు ఏం తిని బతికినాయి? వాక్యంలో పక్షులు ముందు, నేలమీద పాకేవి తర్వాత, ఎముకల్లో చూస్తే పాకేవే ముందు. అక్కడా తిరకాసే. ఎంత సాగదీసినా ఒక మూల చినిగిపోతాది.

మా స్టాఫ్‌రూంలో చంద్రశేఖర్ అని లెక్కల సారు ఉండాడు. మంచోడే. ఆయనేమో, "మా చేప, తాబేలు, పంది, సగం మనిషి, పొట్టి మనిషి, ఇదంతా మీ పరిణామం పాఠమే కదా మేడం! మావాళ్ళు ఎప్పుడో చెప్పినారు," అంటాడు. ఆయనకీ నీకూ ఒకటే జబ్బు. పెద్దోళ్ళ మాటని తీసుకొచ్చి ఈనాటి పుస్తకం ముందు నిలబెట్టి సంతకం పెట్టించుకోవాలని. రేపు ఆ పుస్తకం మారితే? పదో తరగతిలో ఆ పాఠమే తీసేసినారు, తెలుసా? పిల్లకాయలు అడిగితే చెప్తా, అంతే.

మొన్న తొమ్మిదో తరగతిని కోట కొండకి తీసుకుపోయినా. ఒక బండమీద నీటి అలలు గట్టిపడినట్టు సన్నసన్నగా గీతలుండాయి. మన చర్చి పిల్లోడొకడు, "మేడం, ఇది నోవహు జలప్రళయమా?" అన్నాడు. లేదురా, ప్రళయం ఇంత నాజూగ్గా గీతలు గియ్యదు, ఇది తీరాన మెల్లగా కదిలిన నీళ్ళ గుర్తు, మనిషనేవాడు పుట్టకముందు ఎన్నో కోట్ల ఏళ్ళ కిందిది అన్నాను. అందరూ ఆ గీతల మీద చేతులు పెట్టి చూసినారు. నాకు ప్రార్థన చేసుకోవాలనిపించింది. ఎవరితో చెప్పాలి ఆ మాట? నీకు రాస్తా ఉండా.

జెస్సికా ఎట్లా ఉండాదో "అన్నం తింటా ఉండాది" అని రాస్తే నాకేం తెలుస్తాది?

సుధ


ఆత్మకూరు,
ఆగస్టు చివర.

సుధా,

కొట్టినట్టే రాసినావు. పర్వాలేదు. ఆ రోజు నేను నేల చూసింది నిజమే. వరదయ్యతో కయ్యం పెట్టుకుంటే సంఘం రెండు ముక్కలయ్యేది. నువ్వైతే బస్సెక్కి పోగలవు, నేను ఆదివారం మళ్ళీ వాళ్ళ ముందరే నిలబడాల. పాస్టరు ఉద్యోగం బయటికి కనిపించినంత పెద్దది కాదమ్మా.

చెట్లు, సూర్యుడు సంగతి నేనూ ఆలోచించినాను. మబ్బులు కమ్ముకోనుండి, సూర్యుడు ఉన్నా కనపడలేదు, నాలుగో దినం మబ్బు విడిపోయింది అని ఒకాయన చెప్పినాడు. బాగుందనిపించింది. రాసిపెట్టుకున్నా. రెండ్రోజుల తర్వాత చదివితే, ఇది వాక్యంలోనూ లేదు, సైన్సులోనూ లేదు, నేను కుట్టిన మాసిక మాత్రమే ఉండాది అనిపించి కొట్టేసినా. నీ మాట నిజమే. వరస వదిలేస్తా.

ఒక్కటి చెప్పు. డొంకతిరుగుడుగా రాయబాక, సూటిగా చెప్పు. మనిషి పుట్టకముందు చావు ఉండిందా? జంతువులు చచ్చిపోయేవా? పిల్లలు కూడానా?

నీ రజిత వదిన ఉండుంటే ఈ ఇల్లు ఇంకోమాదిరి ఉండేది. ఆమె పోయిన తర్వాత వంటింట్లో రేడియో కూడా పాడైపోయింది. బాగు చేయించలేదు.

దయాసాగర్


ఉదయగిరి,
సెప్టెంబరు.

అన్నకి,

సూటిగానే చెప్తా. ఉండింది. మనిషి పుట్టకముందు, మనిషి అనే ఊహ కూడా లేకముందు చావు ఉండింది. రాళ్ళలో దొరికే ఎముకలన్నీ చచ్చిపోయినవే కదా అన్నా. ఒకదాన్నొకటి తిన్నవి ఉండాయి. కొన్ని రాక్షసబల్లుల ఎముకల్లో కణితుల గుర్తులు దొరికినాయి. విరిగి, మళ్ళీ అతుక్కున్న ఎముకలుండాయి. అంటే అది నొప్పితో కుంటుకుంటా కొన్నాళ్ళు బతికిందని. గుడ్డులోనే ఆగిపోయిన పిల్లలు రాయైపోయి గుడ్డుతో సహా దొరుకుతాయి. ఆదాము అనే పేరు ఎవరూ పలకకముందే ఇవన్నీ జరిగిపోయినాయి.

చావు లేకపోతే నేలమీద ఇంకొకదానికి చోటు లేదు. ఇదీ నేను క్లాసులో చెప్పే మాట. చెప్పేటప్పుడు బాగానే ఉంటాది.

కానీ నువ్వు "పిల్లలు కూడానా" అని అడిగినావు. మహాసభల్లో పడుచోళ్ళు అడిగే ప్రశ్న కాదది. వాళ్ళు కోతి గురించి అడుగుతారు. నేను నీ చెల్లెల్ని, నీ చేతిరాత నాకు తెలుసు. ఆ ఒక్క వాక్యం దగ్గర పెన్ను నొక్కి రాసినావు, కాయితం వెనకపక్కకి అచ్చు పడింది.

ఇది ఎవరి కోసం అడుగుతా ఉండావు?

సుధ


ఆత్మకూరు,
అక్టోబరు.

సుధా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. రెండుసార్లు రాసి చించేసినా.

జెస్సికా కోసం.

మహాసభలు అబద్ధం కాదు, ఆ పూట నాకిచ్చింది నిజమే. కానీ అది లేకపోయినా నీకు రాసేవాణ్ణి. అది ఒక సాకుగా దొరికింది.

పాపని మట్టి చేసిన రోజు బాలింత రావద్దంటే వినకుండా జెస్సికా సమాధుల తోటకి వచ్చింది. అల్లుడు పట్టుకోనుండినాడు. పెట్టె ఎంతుంటాది, ఒక మనిషి రెండు చేతుల్తో ఎత్తుకోవచ్చు. ఇంకో పాస్టరుని పిలవమంటే నేనే చేస్తానన్నాను. నా మనవరాలు కదా అని. ఎన్నేళ్ళ నుంచో సమాధుల దగ్గర చెప్పే మాటలే నోటికొచ్చినాయి. ఆదాము అతిక్రమంతో చావు లోకంలోకి వచ్చిందని, ఆ పాపంలోనే మనమందరం పుట్టినామని. ముసలోళ్ళని సాగనంపేటప్పుడు చెప్పే మాట. జనం తల ఊపే మాట. అది అక్కడ ఎవరి ముందు చెప్తా ఉండానో నాకు తెలియకుండానే చెప్పేసినా.

ఇంటికొచ్చి జెస్సికా చాప మీద కూర్చుని, "పాప ఏం పాపం చేసింది నాన్నా?" అని అడిగింది. కోపంగా కూడా కాదు. ఊరికే అడిగింది. నేనేం చేసినానో తెలుసా? "అది ఈ పాపం కాదమ్మా, ఆదిపాపం అంటే..." అని పాఠం చెప్పబోయినా. లేచి లోపలికి పోయింది.

అప్పట్నుంచి నాతో మాట్లాడలేదు. అన్నం పెడతాది. గుడ్డలు మడిచి పెడతాది. ఆదివారం నేను చర్చికి పోతే తలుపు వేసుకుంటాది. ముందుగదిలో నేను దగ్గినా వెనక వంటింట్లో వినిపించే ఇల్లు ఇది. అందుకే ఫోన్ వద్దన్నా. గోడకి అవతల తను ఉంటే నీతో ఈ మాటలు ఎట్లా మాట్లాడేది?

నువ్వు రాసింది మళ్ళీ మళ్ళీ చదువుకున్నా. చావు మనిషి కంటే ముందు ఉంటే, అది శిక్ష కాదు. పాప శిక్ష పడి పోలేదు. ఈ మాట జెస్సికాకి చెప్పొచ్చు. చెప్పాలని గొంతుదాకా వస్తాది. కానీ చావు శిక్ష కాకపోతే, ఇన్నేళ్ళు నేను ప్రకటించిందంతా దేనిమీద నిలబడి ఉండాది? ఒక రాయి లాగితే గోడ ఉంటాదా? ఆ అధ్యాయాన్నీ నీ రాళ్ళనీ కలపగలిగితే రెండూ ఉంచుకోవచ్చని ఆశపడినాను. నువ్వు అతకదన్నావు. నాకూ అతకలేదు.

వరదయ్యని అడిగేదా? పక్కూరి పాస్టర్లని అడిగేదా? అడిగితే సాయంత్రానికి ఊరంతా, పాస్టరుకి విశ్వాసం పోయిందంట అంటారు. ప్రార్థనలో అడుగుదామని మోకాళ్ళ మీద కూర్చుని ఊరికే లేస్తా ఉండా. నీకు తప్ప చెప్పుకునేదానికి నాకు ఎవరూ లేరు సుధా.

అన్న


ఉదయగిరి,
అక్టోబరు చివర, వాన.

అన్నా,

నీ ఉత్తరం క్లాసులో విప్పలేదు. ఇంటికొచ్చి తలుపేసుకుని చదువుకున్నా. కింద వాటాలోవాళ్ళు చెక్క గరిటెలు చెక్కుతా ఉండారు. ఆ చప్పుడు ఆగేదాకా ఏడ్చినా.

నీకు చెప్పనిది నా దగ్గరా ఒకటి ఉండాది. పాప పోయిన వారానికి జెస్సికా నాకు ఫోన్ చేసింది. "అత్తా, ఎందుకిట్లా అయింది?" అనింది. నాకు లోపల్లోపల ఒక గర్వం పుట్టింది. నాన్నని కాదని నన్ను అడిగింది అని. వెంటనే టీచరునైపోయినా. కడుపులో మొదటి వారాల్లో గుండె ఎట్లా కట్టుకుంటాదో, మధ్యగోడ ఎట్లా పెరుగుతాదో, ఒక్కోసారి కణాలు అక్కడిదాకా చేరవని, ఎవరి తప్పూ ఉండదని, వందమంది బిడ్డల్లో ఒకరికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటాదని చెప్పినా. ఓదారుస్తా ఉండాననే అనుకున్నా.

అంతా విని, "అయితే లెక్కలో వచ్చిందా అత్తా నా బిడ్డ?" అనింది. పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

నేను చెప్పిందాంట్లో ఒక్క ముక్క తప్పు లేదు. అదే నాకు బాధ. తప్పు చెప్పుంటే దిద్దుకునేదాన్ని. ఆ పిల్ల అడిగింది అది కాదని అర్థమయ్యేటప్పటికి ఆలస్యమైపోయింది. నువ్వేమో పాపమన్నావు, నేను లెక్కన్నాను. ఇద్దరికిద్దరం నోరు తెరిచి చెప్పినాం. దాని పక్కన ఎవరం కూర్చున్నాం?

రాయి లాగితే గోడ పడిపోతాదా అని అడిగినావు. నాకు తెలీదు. నా గోడ ఎప్పుడో అక్కడక్కడా కూలింది. అయినా దాని నీడలోనే ఉండా. స్టాఫ్‌రూంలో నేను చర్చిమనిషిని, ఇక్కడి చర్చిలో సైన్సుమనిషిని. మీ ఊరి మాట ఇక్కడిదాకా వచ్చింది. నా బెంచీలో నా పక్కన ఎవరూ కూర్చోరు. కూర్చోవద్దని ఎవరూ అనలేదు, కూర్చోరు అంతే. ఈ మధ్య ఆదివారాలు పోవటం మానేసినా. ఇంట్లో బియ్యం పొయ్యి మీద పెట్టి, ఆ సృష్టి అధ్యాయమే పైకి చదువుకుంటా. ఒక్కో దినం అయినాక దేవుడు మంచిదిగా ఉందని చూసుకోవటం ఉండాది చూడు, అది ఏ సైన్సు పుస్తకంలోనూ లేదు. అది ఉంచుకున్నా. దాన్ని దేనితోనూ కలపలేదు. అది ఒకపక్క, ఎముకలు ఒకపక్క. మధ్యలో నేనొక్కదాన్ని. దీన్ని సమాధానం అనొచ్చో లేదో తెలీదు.

కావలిలో నీకు తోచింది చెప్పుకో. జెస్సికాకి మాత్రం ప్రసంగం చెయ్యబాక. నా మాటలు తీసుకుపోయి చెప్పినా అదీ ప్రసంగమే అవుతాది.

సుధ


ఆత్మకూరు,
డిసెంబరు.

సుధా,

కావలికి నేను పోలేదు. ఎందుకో వరసగా చెప్తా.

నవంబరు మొదట్లో మస్తానమ్మ పోయింది. నీకు తెలీదు, బజారు వీధిలో ఆకుకూరలు అమ్ముకునేది, మన సంఘమే. సమాధుల తోటలో పుస్తకం చేతిలో పట్టుకుని ఆ మాట దాకా వచ్చినా. ఆదాము, అతిక్రమం, చావు. పుస్తకం మూసేసినా. జనం ఎదురుచూస్తా ఉండారు. ఆ మాట వదిలేసి, మస్తానమ్మ గోంగూర కట్టలు కట్టే పద్ధతి చెప్పినా, మొగుడు మంచాన పడితే ఎట్లా చూసుకునిందో చెప్పినా. "ఈమె దేవుని మనిషి, దేవుని దగ్గరికే పోయింది. చావు ఎందుకుందో నాకు తెలియదు," అన్నా. ప్రార్థన చేసి మట్టి వేసినాం.

దోవలో వరదయ్య నా పక్కకొచ్చి, "పాస్టరుగారూ, అసలు మాట మర్చిపోయినారే?" అన్నాడు.

"మర్చిపోలేదు వరదయ్యా," అన్నా.

"తెలియదు అని సమాధి దగ్గర చెప్తారా ఎవరన్నా? మీకే తెలియకపోతే మేమెవర్ని అడగాలా?"

ఆయన ప్రశ్నలో తప్పులేదు. ఆ వారమే కమిటీ కూర్చునింది. మహాసభల పూట వేరేవాళ్ళకి ఇచ్చేసినారు. కొత్త సంవత్సరంలో నన్ను ఇంకో ఊరికి మారుస్తారని అనుకుంటా ఉండారు. మార్చనీ. ఈసారి నేల చూడలేదు సుధా, అది ఒక్కటి నీకు చెప్పాలనిపించింది. ధైర్యం కాదు. చూసే ఓపిక లేకపోయింది.

ఈ సంగతి జెస్సికాకి నేను చెప్పలేదు. వీధిలో ఎవరో చెప్పినట్టుండారు. మొన్న మధ్యాహ్నం వరండాలో చిక్కుడుకాయలు ఒలుస్తా ఉండాది. నేను పేపరు పట్టుకుని ఎదురుగా కూర్చున్నా. తల ఎత్తకుండానే, "నాన్నా, పాపకి నొప్పి తెలిసుంటాదా?" అనింది.

ఎన్ని నెలల తర్వాత నాన్నా అన్న పిలుపు. వాక్యం ఏదో నాలిక మీదికి వచ్చింది. నీ ఉత్తరం కూడా గుర్తొచ్చింది. రెండూ మింగేసినా.

"తెలియదమ్మా," అన్నా. "ఆఖర్న నేను లోపలే ఉండినా. దాని పాదం నా చేతిలో ఉండింది."

చిక్కుడుకాయ వదిలేసి నా వైపు చూసింది. "నువ్వు లోపల ఉండినావా? నాకెవరూ చెప్పలేదే!"

తను అప్పుడు కుట్లతో ఆసుపత్రి పై వార్డులో ఉండింది కదా. అల్లుడు మందులకి పరిగెత్తినాడు. బిడ్డ దగ్గరుండే నర్సమ్మ నన్ను లోపలికి రమ్మనింది. ఇన్ని నెలలు ఆ సంగతి తనకి తెలుసనే అనుకున్నా నేను. తనేమో బిడ్డ ఒంటరిగా, గాజుపెట్టెలో, ఎవరూ లేకుండా పోయిందని అనుకుంటా ఉండాది. ఎవరన్నా చెప్పుంటే! నేనేమో ఆదాము గురించి చెప్తా ఉండినా.

అప్పుడు అంతా చెప్పినా. పాదం చల్లబడతా ఉంటే నా చేతుల్తో రుద్దినానని. పాదం నా బొటనవేలంత ఉండిందని. నుదుటి మీద వెంట్రుకలు రజిత మాదిరి వెనక్కి తిరిగుండినాయని. ఒకసారి నిదానంగా ఆవలించిందని. మన ఇంట్లో పిల్లలు నిద్రకి ముందు ఆవలించినట్టే.

"ఆవలించిందా?" అనింది. నవ్వు వచ్చింది తనకి, ఆ నవ్వు ఏడుపైంది. "ఇంకా చెప్పు నాన్నా," అనింది. ఇంకా ఏముంది, కొంచెమే ఉండాది, ఆ కొంచెమే మళ్ళీ మొదట్నుంచి చెప్పినా. చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాం. కూర వండలేదు ఆ పూట. మజ్జిగన్నం తిన్నాం.

నేను రాస్తా ఉంటే తనొచ్చి నిలబడింది. అత్తకేనా అనింది. మిగతా కాయితం తనకివ్వమంటా ఉండాది.

అన్న


అత్తా,

ఫోన్ ఎత్తకపోయినందుకు ఏమనుకోబాక. అప్పుడు చేతకాలేదు.

నాన్న పాప గురించి చెప్తా ఉండాడు. గుండె దగ్గరికొస్తే ఆయనకి తెలీదు. స్కాన్ కాయితాలు నా దగ్గర ఉండాయి, చదివితే నాకు అర్థం కావటం లేదు. ఆ రోజు నువ్వు ఫోన్లో ఏదో చెప్పినావు, మధ్యగోడ అని. నేను సగం వినలేదు.

స్కూలు సెలవు చూసుకుని రా. దాని గుండె ఎట్లా ఉండిందో బొమ్మ గీసి చూపించు. ఎందుకని అడగను. ఎట్లా ఉండిందో చూడాలని ఉండాది, అంతే.

నాన్న కూడా పక్కన కూర్చుంటానన్నాడు.

జెస్సికా